అక్క చేనుకి బూడిద

మునికృష్ణ గానుగలో ఒక కట్టుబాటు ఉంది. ఏడాదిలో చెరకు రసం కాచిన తొలి పెనం దిగాక ఆ బెల్లాన్ని వాళ్ళక్క నాగరత్నమ్మ నోట్లో వేసుకుని "బాగుండాది" అనేదాకా ఇంకెవరూ ముట్టుకోకూడదు. కాణిపాకం వినాయకుడికి కూడా రెండో ముద్దే. దేవుడికంటే ముందు అక్క ఏందప్పా అని ఎవరైనా అడిగితే, "దేవుడేమన్నా పస్తులుండి నన్ను సాకినాడా? మాయక్క సాకింది" అని కస్సుమనేవాడు. అమ్మ పోయేనాటికి అతనికి నడక కూడా సరిగ్గా రాదు. అప్పటికి గౌను వేసుకునే వయసులో ఉన్న అక్క నడుం మీదే పెరిగాడు. ఇప్పుడు నలభై దాటి, మీసం నెరిసి, ఊళ్ళో నలుగురి మీదా నోరు చేసుకునే మనిషైనా, అక్క ఎదురైతే నోరు తగ్గించేవాడు.

ఎనభై నాలుగో సంవత్సరం, కార్తీకం వెళ్ళాక తొలి పెనం పడింది. రసం కాగింది. బెండకాడల జిగురు పోసి పైకి తేలిన తెట్టు తీశారు. పాకం చెక్క తొట్టిలో పోసి తిప్పారు. బెల్లం ముద్దలు చుట్టి వరసగా పేర్చారు. వాసనకి రోడ్డు మీద పోయే బస్సులోవాళ్ళు కూడా తలలు బయటపెట్టి చూశారు. అన్నీ అయ్యాయి గానీ అక్క మాత్రం రాలేదు.

పనివాళ్ళు తొట్టి అంచున అంటుకున్న బెల్లాన్ని చూస్తూ గుటకలు మింగుతున్నారు. మునికృష్ణ ఏటికవతల ఉన్న అక్క ఇంటి దారి వైపు చూసీ చూసీ, చివరికి కబురంపాడు. కబురుకి బదులుగా బావ కుప్పయ్య వచ్చాడు. కుప్పయ్య మంచివాడు. ఎంత మంచివాడంటే అబద్ధం చెప్పాల్సి వస్తే ఎదుటి మనిషి మొహం చూడలేడు.

"మీయక్క రాలేనంది బామ్మర్దీ. ఒంట్లో నలతగా ఉండాదంట" అన్నాడు, పక్కనున్న చెరకు కట్టల వైపు చూస్తూ.

"నలతేంది? జరమా?"

"జరమనీ కాదు. ఊరికే. మీరు తినేయండన్నది."

మునికృష్ణకి చిర్రెత్తుకొచ్చింది. అక్క జ్వరంతో మూలుగుతూ కూడా వచ్చిన ఏడాది ఉంది. వాన పడి ఏరు పారుతుంటే చీర మోకాళ్ళ పైకి దోపుకుని దాటి వచ్చిన ఏడాది ఉంది. ఊరికే నలతంటే ఎవరు నమ్ముతారు? అలిగిందన్నమాట. ఎందుకు అలిగిందో కూడా అతనికి వెంటనే తట్టింది. చీర! మొన్న అక్క మనవరాలికి చెవులు కుట్టినప్పుడు పుట్టింటి చీరని చిత్తూరు బజార్లో బేరమాడి తెచ్చి పెట్టాడు. మొదటి ఉతుకులోనే దాని రంగంతా తొట్టిలో దిగిందని తర్వాత తెలిసింది.

"సీర కోసరం అలుగుతుందా మాయక్క? నా దగ్గిరా?" అని ఆ పూటంతా గొణిగాడు. బెల్లం ముద్దల మీద గుడ్డ కప్పించాడు. పనివాళ్ళని ముట్టుకోనివ్వలేదు, తనూ ముట్టుకోలేదు.

భార్య తాయమ్మ ఇదంతా చూసి నవ్వుకుంది. ఆమెకి అప్పటికే మొగుడి మీద వేరే కోపం ఉంది. అది టైర్ల కోపం.

ఆ టైర్ల సంగతి చెప్పాలి. మునికృష్ణ నాయన కాలంలో ఆ గానుగలో బయట పారేసే వస్తువంటూ ఉండేది కాదు. చెరకాకు పశువులకి పోయేది. రసం పిండాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి పొయ్యిలో వేసేవాళ్ళు. అంటే చెరకుని చెరకే వండేది. తీసిన తెట్టు బర్రెలు తాగేవి. పొయ్యి అడుగున మిగిలిన బూడిద బండికెత్తి ఏటికవతల కూతురి చేనుకి పంపేవాడు ముసలాయన. "ఆడబిడ్డకి తీపి ఒక్కటే ఇస్తే ఎట్లా, పంటకి బలం కూడా ఇయ్యాల" అనేవాడు. ఆయన పోయాక మునికృష్ణ కూడా ఆ బండి ఆపలేదు. నాగరత్నమ్మ వంగతోట ఆ బూడిదతోనే నవనవలాడేది.

కిందటేడు సీజనులో పెనాలు ఇంకా సగముండగానే మునికృష్ణకి తెలివి వచ్చింది. పిప్పి కొనడానికి కాగితాల మిల్లు లారీ ఊళ్ళోకి వచ్చింది. దాని వెనకే అరిగిపోయిన టైర్లు అమ్మేవాడు వచ్చాడు. పిప్పి అమ్ము, టైర్లు కొను, మధ్యలో మిగిలింది జేబులో వేసుకో. టైరు మంట భగ్గున లేస్తుంది, పెనం తొందరగా దిగుతుంది. లెక్క ఎటునుంచి చూసినా లాభమే. ఈ ఏడు సీజను మొదలవకముందే పిప్పికి బేరం కుదుర్చుకుని, గానుగ వెనక టైర్లని మనిషెత్తున పేర్చిపెట్టాడు.

"ఏమయ్యా, ఆరేసిన గుడ్డలు సూడు, కాకులట్ల ఉండాయి" అని తాయమ్మ మొత్తుకుంది. "పొగలో నిలబడితే గొంతులో జీర. మల్లెచెట్టు మొగ్గలన్నీ మసి."

"నీకు మల్లెమొగ్గలు కావాల్నా, మెళ్ళోకి గొలుసు కావాల్నా?"

"నాకు తెల్ల రవిక కావాల" అంది తాయమ్మ.

పోయే పొగ పోతుంది, దానికి ఇంత గోల దేనికని అతను నవ్వేసి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తాయమ్మే ఆకులో ఒక ముద్ద కట్టి చేతిలో పెట్టింది. "పో. పోయి అక్కకి పెట్టు. అలిగినా సరే, తిట్టినా సరే, తినకుండా ఉంటాదా? పనోళ్ళు నిన్నట్నుంచీ నోరూరి సస్తా ఉండారు."

మునికృష్ణ బయలుదేరాడు. ఏటి ఇసకలో నడుస్తూ ఏం మాట్లాడాలో తనలో తానే అనుకున్నాడు. చీర రంగు పోతే షాపువాడిని తిట్టు, నన్నెందుకు తిడతావు? ఇన్నేళ్ళ కట్టుబాటు చీర కోసం ఎగ్గొడతావా? అవతలి గట్టెక్కేసరికి గొంతులో మాటలన్నీ రెడీగా ఉన్నాయి.

అక్క ఇంటి వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. ఒంటి మీద ఆ చీరే. రంగు పోయి, ఏ రంగో చెప్పలేనట్టుగా ఉన్న ఆ చీరనే కట్టుకుంది. కొంగు మాత్రం చక్కగా మడత పెట్టి భుజాన వేసుకుంది. దాంతో మునికృష్ణ రెడీ చేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఆగిపోయాయి.

"వచ్చినావా కిష్టా? రా, కూసో" అంది అక్క. లేవలేదు. మంచం మీద కాళ్ళు రెండూ దుప్పట్లో ఉన్నాయి.

"ఎండలో దుప్పటేందిక్కా?"

"సలేస్తా ఉండాది."

"మొహమంతా చెమట పోసింది. సలేందీ?"

"నువ్వు గమ్మునుండు. బెల్లమేది, తెచ్చినావా?"

ఆమె చెయ్యి చాచింది. ఆ కాస్త కదలికకే మొహం ముడుచుకుపోయింది. అప్పుడు అతనికి వాసన తగిలింది. పుండు వాసన. గొడ్లకి గిట్టలు చీము పట్టినప్పుడు వచ్చే వాసన. బెల్లం పొట్లం పక్కన పడేసి దుప్పటి లాగాడు. కుడిపాదానికి పసుపు పట్టించిన గుడ్డ కట్టి ఉంది. బొటనవేలి పక్క వేలు వంకాయ రంగులో ఉబ్బి ఉంది.

"ఏందక్కా ఇది!"

"ముల్లు గుచ్చుకునింది. తీసేసినాం. తగ్గతా ఉండాది."

కుప్పయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బావ గోడ చూస్తున్నాడంటే ముల్లు కాదన్నమాట. కానీ అది ఆలోచించే తీరిక మునికృష్ణకి లేదు. చిన్నప్పుడు తనని ఎత్తుకు తిరిగిన మనిషిని తనే రెండు చేతులా ఎత్తుకుని రోడ్డు మీదకి నడిచాడు. "దించరా, ఊరంతా సూస్తా ఉండారు" అని ఆమె సిగ్గుపడుతూనే ఉంది. మొదటొచ్చిన బస్సెక్కించి చిత్తూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మది మనిషి. వేలు చూసి, మత్తు సూదేసి, కోసి చూసింది. పట్టకారుతో దేన్నో పట్టి లాగి స్టీలు తట్టలో వేసింది. టింగుమని చప్పుడైంది.

"ఇది ముల్లు కాదమ్మా. తీగ. టైర్లలో ఉంటుందే, అలాంటి తీగ. చాలా రోజులు ఆలస్యం చేశారు. పాదం నిలవాలంటే ఈ వేలు తీసెయ్యాలి" అంది.

మునికృష్ణ తట్టలోకి చూశాడు. వెంట్రుక కంటే కాస్త లావు తీగ, కాలి నల్లబడి, కొసన వంగి ఉంది. దాన్ని అతను ఎరుగును. టైరు కాలాక పొయ్యిలో మిగిలే పెద్ద రింగుల్ని కొక్కెంతో లాగి పక్కన వేసేవాళ్ళు. సన్నవి మంటకి తునిగి బూడిదలో కలిసిపోయేవి. పనివాడు ఒకసారి అడిగాడు కూడా, ఏరాల్నా అన్నా, అని. "బూడిదలో బూడిదైపోతాయిలే, ఎత్తు" అన్నాడు తను. ఆ బూడిద ఉగాది ముందు బండికెత్తి, నాయన కాలం నుంచీ పోయినట్టే, అక్క చేనుకి పోయింది.

అక్కని లోపలికి తీసుకెళ్ళారు. అతను వరండాలో గోడకానుకుని కూర్చుండిపోయాడు. చిత్తూరు మండీలో తన బెల్లాన్ని చేతిలోకి తీసుకుని, తళతళ చూసి మెచ్చుకునే షావుకార్లు గుర్తొచ్చారు. ఆ చేతికి అంటని మసి ఎటు పోయిందో వాళ్ళకి అక్కర్లేదు, తనకీ అక్కర్లేకపోయింది. అది తాయమ్మ రవికల మీదకి పోయింది, ఆమె గొంతులోకి పోయింది. తీగ అక్క కాల్లోకి పోయింది. పోయే పొగ పోతుంది అనుకున్నాడుగానీ, ఊరు దాటి ఎక్కడికీ పోలేదు. అన్నీ తనవాళ్ళ ఇళ్ళకే చేరాయి. అతనికి ఏడుపొచ్చింది. ఆసుపత్రి వరండాలో ఏడ్చేవాళ్ళు కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

సాయంత్రం అక్కకి మత్తు దిగింది. మంచం పక్కన నేల మీద కూర్చుని అతను అడిగాడు.

"నీకు ముందే తెల్సునా అక్కా?"

"తెలీకేం? సేన్లో అంతకుముందు కూడా ఒగటీ అరా దొరికినాయి. ఏరి గెనిమ గట్టు మీద పెట్టినా. ఒగటి నాకు సిక్కలేదు, నేనే దానికి సిక్కినా" అని నవ్వింది.

"మరి సెప్పలేదేం? కాలు కుళ్ళిపోతా ఉంటే ముల్లంటావా?"

"సెప్తే నువ్వేం సేస్తావో నాకు తెల్దా? బండి ఆపేస్తావు. అది నాయన బండి కిష్టా. అది నా గుమ్మం ముందుకొస్తే నాయన వచ్చినట్టే ఉంటాది నాకు."

మునికృష్ణ ముక్కు ఎగబీల్చి, "ఇంక సేన్లోకి సెప్పులేసుకుని పో. డాక్టరమ్మ కూడా సెప్పింది" అన్నాడు.

"సేన్లోకి సెప్పులా?" అక్క అతని వైపు చూసిన చూపుకి, దేవుడి గదిలోకి చెప్పులతో నడవమన్నాడా తను అనిపించింది. "అన్నం పెట్టే తల్లి మీద సెప్పులేసుకుని తొక్కేదానా? నేను సచ్చేదాకా అది కాదు గానీ, వేరే మాట సెప్పు."

ఆమెతో వాదించి గెలిచినవాడు ఆ ఇంట్లో లేడు. ఆమె చెప్పులు వేసుకోదు. ఆమె చేను తొక్కకుండా ఉండదు. కాబట్టి ఆ కాలికి తగ్గట్టుగా బూడిదే ఉండాలి. ఆసుపత్రి నుంచి వచ్చేప్పుడు మునికృష్ణకి ఇంతవరకు అర్థమైంది.

ముందు అక్క చేనుకి పోయాడు. గానుగ మోటారు బాగుచేసేవాడి దగ్గర పాత స్పీకరు అయస్కాంతం అడిగి తెచ్చి, దాన్ని కర్రకి కట్టుకున్నాడు. గెనిమ మీద చెప్పులు విడిచి వంగతోటలోకి దిగాడు. అయస్కాంతానికి దొరకనివి తన కాళ్ళకైనా దొరుకుతాయని అతని మొండితనం. రెండుసార్లు గుచ్చుకున్నాయి కూడా. "అబ్బా" అనకుండా పీకి గెనిమ మీద పెట్టుకుంటూ పోయాడు. కుప్పయ్య ఒడ్డున నిలబడి "చాల్లే బామ్మర్దీ, రేపు సూస్తువు" అని బతిమాలుతూనే ఉన్నాడు. సాలు సాలూ అయ్యేదాకా అతను గట్టెక్కలేదు.

తర్వాత టైర్ల సంగతి. టైర్లు అమ్మినవాడు వచ్చి, "నీకొద్దంటే ఇచ్చేయన్నా, కింద ఊరి గానుగలో అడగతా ఉండారు" అన్నాడు. మునికృష్ణ సరేననబోయి ఆగాడు. ఆ గానుగకీ పొయ్యి ఉంటుంది. పొయ్యికి బూడిద ఉంటుంది. బూడిద ఏదో ఒక చేనుకి పోతుంది. ఆ చేన్లోనూ ఎవరి అక్కో చెప్పుల్లేకుండా నడుస్తుంది.

"ఇయ్యను పో" అన్నాడు.

"మరేం సేసుకుంటావు? కూడొండుకుంటావా?"

"నా ఇష్టం."

చివరికి వాటిని బండికెత్తి, చిత్తూరులో టైరు చెప్పులు కోసేవాళ్ళకి తోలాడు. టైర్లకి బదులుగా వాళ్ళు అతని పనివాళ్ళందరికీ తలా ఒక జత కోసిచ్చారు. కాళ్ళలో గుచ్చుకునే వస్తువుని కాళ్ళ కిందకి చేర్చాడన్నమాట. అక్కకీ ఒక జత తెచ్చి గడప పక్కన పెట్టాడు. ఆమె వాటిని ఇంటి నుంచి చేను గెనిమ దాకా వేసుకుంటుంది. గెనిమ దగ్గర విడిచేస్తుంది.

పిప్పి బేరం వదులుకోవడానికి లారీవాడితో పెద్ద రగడే అయింది. అయినా వదులుకున్నాడు. పిప్పి ఎండేదాకా ఆగాలి, పెనం నెమ్మదిగా దిగుతుంది, బెల్లం రంగు ముదురుతుంది. రోజుకి పడే పెనాలు తగ్గాయి. తాయమ్మ తెల్ల రవిక తొడుక్కుని గానుగ చుట్టూ అవసరం లేకపోయినా తిరిగింది. "సూసినాలే, తెల్లగానే ఉండాది" అని అతను విసుక్కున్నాడు. లోపల మాత్రం సంతోషమే.

పొయ్యి చల్లారిన ప్రతిసారీ బూడిదని తనే జల్లెడ పట్టాడు. అయస్కాంతం తిప్పాడు. నాలుగైదు పెనాలదాకా పాత తీగలు వస్తూనే ఉన్నాయి. పొయ్యి గోడల సందుల్లో ఇరుక్కున్నవి. వాటిని ఉలితో గీకి తీశాడు. ఆ తర్వాత రాలేదు. అయినా జల్లెడ ఆపలేదు. తొలి పెనం బెల్లం మీద కప్పిన గుడ్డ అలాగే ఉంది. టైరు మంట మీద వండిన ఆ ముద్దల్ని ఎవరికీ పెట్టబుద్ధి కాక గుంట తీసి పూడ్చేశాడు. పిప్పి మంట మీద వండిందే ఈ ఏటి తొలి పెనమని పనివాళ్ళతో చెప్పాడు. వాళ్ళు మళ్ళీ గుటకలు మింగుతూ కూర్చున్నారు.

మాఘంలో అక్క వచ్చింది. కుప్పయ్య బండి తోలుకొచ్చాడు. మునికృష్ణ దింపబోతే చెయ్యి తోసేసి తనే దిగింది. నడకలో కాస్త ఒరుగు వచ్చింది. తాయమ్మ ఎదురెళ్ళి "రా వొదినా" అని చెయ్యి పట్టుకుంది. మునికృష్ణ ఆకులో బెల్లం పట్టుకుని నిలబడ్డాడు. అది ముదురు ఎరుపులో, కాస్త నలుపుకి తిరిగి ఉంది. మండీలో ఎవడూ మెచ్చుకోడని అతనికి తెలుసు. ఈవిడేమంటుందోనని ఆమె మొహమే చూస్తున్నాడు.

నాగరత్నమ్మ బెల్లం వంక చూడలేదు. గానుగ పక్కన బండికెత్తడానికి పోసిన బూడిద వైపు నడిచింది. అది చల్లారి, మెత్తగా, నేలంతా పరుచుకుని ఉంది. దాని అంచున టైరు చెప్పులు విడిచింది.

"అక్కా వద్దు!" అని మునికృష్ణ అరిచాడు. జల్లెడ పట్టాడు, అయస్కాంతం తిప్పాడు, నిజమే. కానీ ఒక్కటి మిగిలి ఉంటే? ఒకే ఒక్కటి? "ఇంకా పచ్చి గాయమక్కా అది! సేత్తో సూడు, కాలొద్దు!"

ఆమె వినలేదు. వేలు తీసేసిన పాదమే ముందు పెట్టింది. పాదం మునిగింది. ఒంటి బరువంతా దాని మీదే వేసి రెండో అడుగు వేసింది. తాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అటు నుంచి ఇటు చివరిదాకా, తన చేన్లో నడిచినట్టే నిమ్మళంగా నడిచింది. అవతలి అంచున ఆగి, తిరిగి, తమ్ముణ్ణి చూసింది.

"ఇప్పుడు పెట్టు" అని నోరు తెరిచింది.

మునికృష్ణ ముక్క విరిచి నోట్లో పెట్టాడు. ఆమె నమల్లేదు, నాలుక మీదే కరగనిచ్చింది. కళ్ళు మూసుకుంది.

"నల్లగుండాది" అంది.

"ఉండాదక్కా. ఇంతకన్నా తెల్లగా రాలా."

"నాయన బెల్లం ఇట్లనే ఉండేది. బాగుండాది."

దానికోసమే ఎదురుచూస్తున్న పనివాళ్ళు తొట్టి మీద పడ్డారు. కుప్పయ్య కూడా పడ్డాడు. అక్క అరుగు మీద కూర్చుని, "బెల్లం తర్వాత తిందురుగానీ బూడిద ఎత్తండబ్బా, వంగతోట కనిపెట్టుకోనుండాది" అని హుకుం వేసింది.

బూడిద మునికృష్ణే ఎత్తాడు. పనివాళ్ళని రానివ్వలేదు. గంపలు నింపి బండిలో పోస్తూ, అక్క నడిచిన చోటికి వచ్చేసరికి పార ఆగిపోయింది. బూడిదలో ఆమె అడుగులు స్పష్టంగా పడి ఉన్నాయి. ఎడమ పాదానికి ఐదు వేళ్ళు, కుడి పాదానికి నాలుగు. అతను చుట్టూతా ఎత్తాడుగానీ వాటి మీద పార పెట్టలేకపోయాడు.

అరుగు మీద నుంచి అక్క అంతా చూస్తూనే ఉంది.

"ఏంరా, దాన్ని వదిలేసినావే?" అంది. "దాన్నీ ఎత్తు కిష్టా. వచ్చేయేడు మళ్ళా నడస్తాలే."